పాత ట్రక్కులో గాలి రావట్లేదన్నావు కదా, డాష్ విప్పించే ముందు ఇది చదువు

చిన్నా, మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది, నువ్వు కొన్న 2001 ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కులో ఏసీ వేస్తే గాలంతా ముందద్దం మీదకే పోతోందంట, మొహానికి రావట్లేదంట, షాపు వాడేమో డాష్ మొత్తం విప్పాలి బోలెడు అవుద్ది అన్నాడంట. అడ్వాన్సు ఇచ్చెయ్యకు, ఆగు. నా దగ్గర అదే వయసు ట్రక్కు పదకొండేళ్ళు ఉంది, దీంతో నేను పడిన తిప్పలు నువ్వు పడకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకో. గాలి రావట్లేదు అనేది ఒక జబ్బు కాదు, మూడు. గాలి పుట్టకపోవడం ఒకటి, అంటే బ్లోవర్ (గాలి తోసే ఫ్యాను) తిరగట్లేదు. పుట్టిన గాలికి మధ్యలో ఏదో అడ్డం పడటం ఇంకోటి. గాలి బానే పుట్టి వేరే దారిలో పోవడం మూడోది. ఏది నీదో తేల్చుకోకుండా పార్టులు కొన్నావంటే డబ్బులు ఏట్లో పోసినట్టే. నేను తేల్చుకోకుండా బ్లోవర్ మోటర్ కొత్తది వేసేశా, పాతది శుభ్రంగా పని చేస్తోందిరా, ఇప్పటికీ గరాజ్‌లో షెల్ఫు మీద ఉంది.

నీది మీ అమ్మ చెప్పిన దాన్ని బట్టి మూడోది. ఆ కాలం ట్రక్కుల్లో గాలి మొహానికి పోవాలా కాళ్ళకి పోవాలా అద్దానికి పోవాలా అని మార్చే తలుపులు డాష్ లోపల ఉంటాయి, వాటిని కరెంటు మోటర్లు కాదు, ఇంజన్ లాగే వాక్యూమ్, అంటే గాలి పీల్చే బలం, తిప్పుద్ది. ఇంజన్ నుంచి సన్న గొట్టం బయల్దేరి, ఒక చెక్ వాల్వ్ (గాలిని ఒక వైపే పోనిచ్చేది) దాటి, వాక్యూమ్ దాచిపెట్టుకునే ప్లాస్టిక్ డబ్బాకి కలిసి, అక్కడి నుంచి క్యాబిన్లోకి వెళ్ళి నువ్వు తిప్పే నాబ్ వెనక చేరుద్ది. ఎక్కడ చిన్న చీలిక పడినా వాక్యూమ్ పోద్ది, పోతే తలుపులు స్ప్రింగుకి వెనక్కి వచ్చేసి గాలి అద్దం వైపు తిరుగుద్ది. కావాలనే అలా పెట్టారు, ఏది చెడిపోయినా డ్రైవర్‌కి అద్దం మంచు పట్టకుండా రోడ్డు కనపడాలి కదా.

ఇది తెలుసుకోడానికి ఓ గుర్తుంది. ఫ్రీవే ఎక్కేటప్పుడు గ్యాస్ గట్టిగా తొక్కితే గాలి మొహం దగ్గర తగ్గిపోయి అద్దం మీదకి వెళ్తోందా, కాలు తీస్తే మళ్ళీ వస్తోందా? అయితే లీకు చిన్నదే, లేకపోతే చెక్ వాల్వ్ పోయింది. తొక్కినప్పుడు ఇంజన్లో వాక్యూమ్ పడిపోద్ది, ఆ కాసేపు డబ్బాలో ఉన్నది బయటికి పోకుండా ఆపడమే ఆ వాల్వ్ పని. అసలెప్పుడూ మొహానికి రావట్లేదంటే గొట్టం తెగిపోయి ఉంటది. ఇంకోటి, మామూలు ఏసీ నుంచి మ్యాక్స్ ఏసీకి తిప్పు, ఫ్యాన్ చప్పుడు ఒక్కసారిగా పెరగాలి, ఎందుకంటే లోపలి గాలినే లాక్కునే తలుపు తెరుచుకుంటది, అదీ వాక్యూమ్ తోనే. చప్పుడు మారలేదంటే వాక్యూమ్ అక్కడిదాకా రావట్లేదు.

2021 ఫిబ్రవరిలో ఇక్కడ టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చి కరెంటు పోయినప్పుడు నువ్వింకా ఇండియాలోనే ఉన్నావు. ఇంట్లో నోట్లోంచి ఆవిరి వస్తోంది, మీ అత్త వాళ్ళ అమ్మ అప్పుడు మాతోనే ఉంది, డెబ్బై ఎనిమిదేళ్ళు, చేతులు మంచు గడ్డలయిపోయినయ్. ఆవిడని ట్రక్కులో కూర్చోబెట్టి హీటర్ వేశా, డ్రైవ్‌వేలోనే, గరాజ్ బయట (గరాజ్‌లో మాత్రం ఎప్పుడూ ఇంజన్ ఆన్ చెయ్యొద్దు, ఆ వారంలో హ్యూస్టన్‌లో అలా పొగకి ప్రాణాలు పోయినయ్). వేడి వస్తోంది కానీ మొత్తం అద్దం మీదకే, ఆవిడ కాళ్ళకి చుక్క రావట్లేదు. దుప్పట్లు కప్పి, నా చేతుల్తో ఆవిడ పాదాలు రుద్దుతూ కూర్చున్నా ఆ రాత్రి. ఆ లీకు నాకు అంతకు ముందు రెండేళ్ళ నుంచీ తెలుసు, ఎండాకాలంలో ఎలాగో సర్దుకున్నాంలే అని వదిలేశా. అందుకే చెప్తున్నా, వదిలెయ్యకు.

మంచు కరిగిన శనివారం హుడ్ ఎత్తి చూశా. ఇంజన్ ఆన్‌లో పెట్టి, గజం పొడుగు రబ్బరు గొట్టం ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివర వాక్యూమ్ లైను వెంబడి మెల్లగా జరుపుకుంటూ పోయా, డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టు. బ్యాటరీ దగ్గరికి రాగానే స్స్స్ అని వినపడింది. బ్యాటరీ ఆసిడ్ ఆవిరి తగిలి తగిలి ఆ సన్న ప్లాస్టిక్ గొట్టం తెల్లగా సుద్దలా అయిపోయింది, వేలితో ముట్టుకుంటే బిస్కట్ లాగ విరిగింది. చీలిక మీద వేలు పెట్టి మూసి పక్కింటాయన్ని నాబ్ తిప్పమన్నా, లోపల టప్పున తలుపు తిరిగిన చప్పుడు, గాలి మొహానికి వచ్చేసింది. చెడిపోయిన ముక్క కోసేసి, ఆ ముక్కే పార్ట్స్ షాపుకి పట్టుకెళ్ళి సైజు చూపించి రబ్బరు వాక్యూమ్ గొట్టం తెచ్చి రెండు చివర్లకీ తొడిగేశా. చెక్ వాల్వ్ కూడా కొత్తది వేశా, పాతది నోటితో ఊదితే రెండు వైపులా గాలి పోతోంది, ఒక వైపే పోవాలి. అంతా కలిపి ఒక పూట భోజనం ఖర్చు కూడా కాలేదు.

నువ్వూ ముందు బ్యాటరీ చుట్టుపక్కలే చూడు. ఫ్యాన్, బెల్టు తిరుగుతుంటాయి, వాచీ, గొలుసు, చేతి కడియం తీసి ఇంట్లో పెట్టి వెళ్ళు, వదులు చొక్కా వద్దు. హుడ్ కింద ఏం దొరక్కపోతే చేతి వాక్యూమ్ పంప్‌తో చూడొచ్చు, పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ కట్టించుకుని అరువుకి ఇస్తారు. ఐడిల్‌లో ఇంజన్ దగ్గర పంపు మీటరు 17 నుంచి 21 అంగుళాలు (వాక్యూమ్‌ని పాదరసం అంగుళాల్లో కొలుస్తారు) చూపించాలి, తర్వాత పంపుతో ఒక్కో గొట్టంలో అంత లాగి వదిలితే ముల్లు అలాగే నిలబడాలి, జారిపోతోందంటే లీకు ఆ ముక్కలోనే. క్యాబిన్ లోపల నాబ్ వెనకో తలుపు దగ్గరో తేలితే అప్పుడు ఆలోచిద్దాం.

మిగతావి కూడా చెప్తా, పాత బండి కదా ఏదో ఒకటి వస్తూనే ఉంటది. ఫ్యాను 4లో మాత్రమే తిరిగి 1, 2, 3 లో తిరక్కపోతే అది రెసిస్టర్ (కరెంటు తగ్గించి ఫ్యాన్ స్పీడు తగ్గించేది), ఇంకేం ఆలోచించకు. పై స్పీడుకి కరెంటు రెసిస్టర్ లోంచి పోదు, నేరుగా పోద్ది, అందుకే అదొక్కటే పని చేస్తది. ప్యాసింజర్ వైపు డాష్ కింద ఉంటది, స్క్రూలు తీస్తే చేతిలోకి వస్తది, చూస్తే చుట్టలు చుట్టిన స్ప్రింగు తీగలు. కానీ ప్లగ్గు కూడా తీసి చూడు, ప్లాస్టిక్ కరిగి గోధుమ రంగులోకి మారిందంటే ఊరికే రెసిస్టర్ మార్చితే ఆరు నెల్లకి మళ్ళీ పోద్ది. మోటర్ బుష్‌లు అరిగి బరువుగా తిరుగుతూ ఎక్కువ కరెంటు లాగుతోందని అర్థం. చేత్తో మోటర్ చక్రం తిప్పి చూడు, తేలిగ్గా తిరిగి మెల్లగా ఆగాలి. డాష్ కింద పని చేసేటప్పుడు బ్యాటరీ నెగటివ్ తీసేసి కాసేపు ఆగి మొదలెట్టు, పసుపు రంగు ప్లగ్గులు ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి అస్సలు పోవద్దు.

ఫ్యాన్ గట్టిగా తిరిగే చప్పుడొస్తూ గాలి మాత్రం నీరసంగా వస్తే అడ్డం ఉంది. ఈ ట్రక్కులకి క్యాబిన్ ఫిల్టర్ లేదు, షాపు వాడు మారుస్తా అంటే నవ్వి వచ్చెయ్. వైపర్ల కింద జాలీలోంచి పడిన ఆకులన్నీ నేరుగా బ్లోవర్‌లోకి, అక్కణ్ణుంచి ఎవాపరేటర్ (గాలిని చల్లబరిచే ఏసీ భాగం) మీదకి. మీ అపార్ట్‌మెంట్ ముందు ఓక్ చెట్టు ఉంది చూడు, మార్చిలో ఆకు రాలుస్తది, దాని కింద పార్క్ చెయ్యకు. నేను బ్లోవర్ తీసి టార్చి వేసి చూస్తే తడిసిన ఆకులు నల్లగా కుళ్ళి, ఇంట్లో పొయ్యి మీద మాడిన తోటకూర లాగ ముద్ద కట్టి ఉన్నాయి. చేత్తో, మెత్తటి బ్రష్‌తో తియ్యి, రెక్కలు వంగుతాయి గట్టిగా రుద్దకు. కింద నీళ్ళు కారే గొట్టం కూడా చూసుకో, అది పూడుకుంటే నీళ్ళు ప్యాసింజర్ కాళ్ళ దగ్గర కార్పెట్లో చేరి కంపు కొడతది.

మొదట బాగా వచ్చి అరగంటకి గాలి సన్నగిల్లి, ఆపి మళ్ళీ వేస్తే బాగుంటే ఎవాపరేటర్ మీద ఐసు గడ్డ కడుతోంది. ఏసీ గ్యాస్ తక్కువయినా అవ్వచ్చు. అది మాత్రం నువ్వు ముట్టుకోవద్దు, ఆర్-134ఏ అనే ఆ ఏసీ గ్యాస్‌ని గాల్లోకి వదలడం ఇక్కడ చట్టవిరుద్ధం, లైసెన్సున్న వాడి దగ్గరికే వెళ్ళు.

చలికాలం వేడి తక్కువైతే ఇంజన్ బాగా వేడెక్కాక హీటర్ గొట్టాలు రెండూ చేత్తో తాకి చూడు, ఒకటి కాలుతూ ఇంకోటి గోరువెచ్చగా ఉంటే కూలెంట్ తగ్గింది లేదా హీటర్ కోర్ (వేడి కూలెంట్‌తో గాలిని వేడి చేసే భాగం) పూడుకుంది. కూలెంట్ ఎంత ఉందో ఇంజన్ చల్లారాకే చూడు, వేడిలో మూత తియ్యొద్దు. అద్దం మీద జిడ్డు పొగ, క్యాబిన్లో తియ్యటి వాసన వస్తే మాత్రం ఫోన్ చెయ్, కోర్ కారుతోంది, దానికి నిజంగానే డాష్ విప్పాలి.

ఈ శనివారం ఖాళీయేనా? నా వాక్యూమ్ పంప్ టూల్‌బాక్సులో పెట్టి ఉంచా. పొద్దున తొమ్మిదిలోపు రా, ఎండ ముదరకముందే హుడ్ ఎత్తుదాం, మీ అత్త పెసరట్లు వేస్తానంది.

మామయ్య