ఉగాది వేదిక మీద అభ్యర్థి... సంఘం పన్ను మినహాయింపు ఏమవుతుంది?

ప్రశ్న: మాది అమెరికాలో 501(సి)(3) గుర్తింపు (సేవాసంస్థలకిచ్చే పన్ను మినహాయింపు) ఉన్న తెలుగు సంఘం. మా సభ్యులొకరు స్కూల్ బోర్డుకు పోటీ చేస్తున్నారు. ఉగాది వేడుకలో ఆయన్ని వేదికెక్కించి, సావనీర్‌లో ఆయన ప్రకటన వేద్దామని కొందరి పట్టు. ‘501(సి)(4), అంటే సాంఘిక సంక్షేమ సంస్థ, పెట్టేసుకుంటే ఏ గొడవా ఉండదు’ అని ఇంకొందరు. ఏం చేయమంటారు?
– ఒక కార్యదర్శి, డాలస్

జవాబు: సి3 సంఘాలు ఏ అభ్యర్థికీ అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ ప్రచారం చేయకూడదు. సెనేటర్‌గా ఉన్నప్పుడు లిండన్ జాన్సన్ 1954లో తెచ్చిన నిషేధం ఇది. చట్టాల మీద లాబీయింగ్‌కు కొంత వెసులుబాటు ఉంది గానీ ఎన్నికల ప్రచారానికి బొత్తిగా లేదు. స్కూల్ బోర్డుకు పార్టీ గుర్తులుండవు కదా అంటే కుదరదు, అదీ ప్రజా పదవే.

ఆయన్ని సంఘ సభ్యుడిగానో, తెలుగు బడి వాలంటీరుగానో పిలిచి శాలువా కప్పండి, తప్పు లేదు. అయితే పోటీ ఊసు ఆహ్వానపత్రంలోనూ వేదిక మీదా రాకూడదు. హాల్లో ఆయన కరపత్రాలు, విరాళాల డబ్బా కనపడకూడదు. ఇలాంటి చోట్ల కొంప ముంచేది యాంకర్ నోరే. ‘మన తెలుగు బిడ్డ, ఈసారి మనందరి ఓటూ...’ అని ఒక్క మాట జారితే చాలు, అది వీడియోలో ఎప్పటికీ ఉంటుంది. పరిచయ వాక్యాలు ముందే కాగితం మీద రాసిచ్చి, అవే చదవమనండి.

అభ్యర్థిగానే పిలుస్తామంటారా? అయితే ఆయన ప్రత్యర్థులనూ పిలవాలి. ఆయనకు కిక్కిరిసిన ఉగాది సభ ఇచ్చి, ప్రత్యర్థికి నెల తర్వాత ఇరవై మంది వచ్చే సర్వసభ్య సమావేశం ఇస్తే అది సమాన అవకాశం కాదు. అందరినీ ఒకే రోజు కూర్చోబెట్టి, ఒకే ప్రశ్నలడిగే చర్చావేదిక మేలు.

సావనీర్ ప్రకటనకు మామూలు రేటే తీసుకోండి. ప్రత్యర్థి అడిగినా అదే రేటుకు అంతే చోటివ్వాలి. పేజీ ఉచితంగా ఇచ్చినా, సభ్యుల ఈమెయిల్ జాబితా ఊరికే పంపినా ఆయనకు సాయం చేసినట్టే లెక్క.

తప్పు జరిగితే గుర్తింపు రద్దు కావచ్చు. దాంతోపాటు, లేదా దానికి బదులు, ఖర్చు మీద పన్ను పడుతుంది. ప్రచారానికి 4,000 డాలర్లు పెడితే సంఘానికి 10 శాతం, అంటే 400 డాలర్లు. తెలిసీ ఒప్పుకున్న నిర్వాహకులకు సొంతంగా రెండున్నర శాతం. గడువులోగా సరిదిద్దకపోతే సంఘం మీద పన్ను ఖర్చుకు నూరు శాతమవుతుంది.

ఇక సి4. అభ్యర్థిని సమర్థించవచ్చు, అయితే అదే ప్రధాన వ్యాపకం కాకూడదు. నిబంధనలో శాతం రాయలేదు కాబట్టి సగానికి బాగా కిందే ఆగడం క్షేమం. స్థాపించిన 60 రోజుల్లో 50 డాలర్లు కట్టి, సంస్థ పెట్టామని పన్ను శాఖకు (ఐఆర్‌ఎస్) తెలిపే 8976 ఫారం ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకు 20 డాలర్ల చొప్పున 5,000 దాకా జరిమానా. బ్యాంకు ఖాతా, మినిట్స్, ఈఐఎన్ (సంస్థ పన్ను గుర్తింపు సంఖ్య) అన్నీ విడిగా ఉండాలి. సి3 డబ్బు సి4 ఎన్నికల పనికి మళ్లకూడదు.

పైగా సి4కూ పన్ను తగలవచ్చు. ఎన్నికలకు 10,000 డాలర్లు పెట్టారు, ఆ ఏడాది వడ్డీ 1,500 వచ్చింది అనుకుందాం. రెంటిలో తక్కువదాన్ని తీసుకుని, అందులో వంద మినహాయించి, 1,400 మీద 21 శాతం, అంటే 294 డాలర్లు కట్టాలి. ఇక దాతలకు విరాళం మీద పన్ను తగ్గింపు రాదు. ఉద్యోగి విరాళానికి తోడుగా చాలా కంపెనీలు ఇచ్చే మ్యాచింగ్ కూడా ఆగిపోతుంది. ఒక్క స్కూల్ బోర్డు ఎన్నిక కోసం ఇంత తలనొప్పి అక్కర్లేదని మా అభిప్రాయం. సంఘం పేరూ సొమ్మూ పక్కనపెట్టి, ఇష్టమున్న సభ్యులు సొంతంగా ప్రచారం చేసుకుంటే సరిపోతుంది.

అయితే అందరూ విరాళమివ్వడానికి లేదు. హెచ్1బి మీద ఉన్నవారు స్థానిక ఎన్నికలకు సైతం డబ్బివ్వకూడదు, తెలిసి వాళ్లను అడగకూడదు, వాళ్ల దగ్గర పుచ్చుకోకూడదు. సి4 బోర్డులో ఉంటే ఎన్నికల ఖర్చు నిర్ణయాల్లోనూ పాల్గొనకూడదు. గ్రీన్ కార్డు ఉన్నవారు ఇవ్వవచ్చు. జీతం తీసుకోకుండా ప్రచారంలో తిరగడానికి హెచ్1బి అడ్డు కాదు.

ప్రశ్న: ప్రచారం చేశామని సి3 గుర్తింపు పోతే, సి4గా మారిపోవచ్చా?
– మరో పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: కుదరదు. ఆ కారణంతో గుర్తింపు పోగొట్టుకున్న సంఘం మళ్లీ సి4గా చెల్లదని పన్ను చట్టం 504వ సెక్షన్ చెబుతోంది. సి4 కావాలనుకుంటే సి3 జోలికి పోకుండా, కొత్త సంస్థగా ముందే పెట్టుకోవాలి.