నీలం ప్యాంటువాడు జర్మనీలో రోబో అయ్యాడు

"కాంట్రా అనే పాత వీడియో గేమ్ పేరు, లోగో ఒక్కో దేశంలో ఒక్కోలా ఎందుకున్నాయి? వాటిలో అసలైనది ఏది?" అని అడిగారు. రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. అసలైనది తెనాలిలో మా ఇంట్లో ఉండేది. నవ్వకండి, నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

మా ఇంట్లో ఉన్నది పసుపు రంగు క్యాసెట్. దాని మీద '9999 ఇన్ 1' అని స్టిక్కర్, ఆ స్టిక్కర్ మీద అందులో లేని కార్ల బొమ్మ. 9999 ఆటలన్నది పచ్చి అబద్ధం. లెక్కపెడితే పాతిక కూడా తేలవు. కాంట్రానే పది పేర్లతో పెట్టేవాళ్లు: ఒకదాంట్లో ముప్పై లైఫ్‌లు, ఒకదాంట్లో నేరుగా మంచు లెవెల్, ఇంకోదాంట్లో మొదటి నుంచీ ఎస్ గన్ (గుళ్లను విసనకర్రలా చిమ్మే తుపాకీ). పిల్లలని కూడా చూడకుండా మోసం చేసిన ఆ క్యాసెట్ల షాపువాడి మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ ఏ నంబరు నొక్కినా వచ్చే స్క్రీన్ మాత్రం ఒకటే. నల్లటి తెర, మండుతున్నట్టుండే అక్షరాలతో కాంట్రా అన్న పేరు పక్కనుంచి జరుగుతూ వచ్చి ఆగేది. కింద ఇద్దరు కండల వీరులు. కంపెనీ పేరు ఉండాల్సిన చోట ఏమీ ఉండేది కాదు. అది జపాన్ గేమ్ కంపెనీ కొనామి వాళ్ల ఆట అని నాకు ఇంజినీరింగ్‌కి వచ్చాక గానీ తెలియలేదు.

నీలం ప్యాంటువాడు నాది, ఎర్ర ప్యాంటువాడు తమ్ముడిది. వాడు ఒక్కసారైనా నీలం ఇమ్మని ఏడ్చేవాడు, నేను ఇచ్చేవాణ్ణి కాదు. వాళ్ల పేర్లు బిల్, లాన్స్ అని ఇప్పుడు తెలుసు. అప్పుడు ప్యాంటు రంగే పేరు.

ఇక అసలు సంగతి. ఆఫీసు పని మీద కొన్నాళ్లు జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో ఉన్నాను. ఆదివారం అక్కడ షాపులన్నీ మూసేస్తారు. పాలప్యాకెట్టు కొనాలన్నా రైల్వే స్టేషన్‌కి పోవాలి (దీని మీద వేరే జవాబు రాయాలి). తోచక నేనూ, నెల్లూరు నుంచి వచ్చిన మా రూమ్మేటూ పాత సామాన్ల సంతకు వెళ్లాం. ఒక పెద్దాయన టేబుల్ మీద పాత గేమ్ క్యాసెట్లు పేర్చాడు. పక్కనే బుల్లి టీవీ, దానికి తగిలించిన నింటెండో గేమ్ మెషిన్. ఒక బూడిద రంగు క్యాసెట్ మీద 'ప్రోబోటెక్టర్' అని ఉంది, బొమ్మలో తుపాకులు పట్టుకున్న రోబోలు. నాకు ఆ పేరే కొత్త. పక్కన పెట్టేయబోతుంటే ఆయనే దాన్ని తీసుకుని మెషిన్‌లో దోపి ఆన్ చేశాడు.

లోగో వేరు. మనుషుల చోట రెండు ఇనుప బొమ్మలు. "ఇదేంట్రా, కాంట్రాకి కాపీ" అన్నాడు మా రూమ్మేటు. ఆట మొదలైంది, అడవి వచ్చింది, మ్యూజిక్ వచ్చింది. ఆ మొదటి రెండు సెకన్ల మ్యూజిక్‌కి ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. కాపీ కాదు, అదే కాంట్రా! అదే చెట్లు, అదే కూలిపోయే వంతెన, అదే చోట దొరికే ఎస్ గన్. పరిగెత్తేవాడు మాత్రం రోబో. మళ్లీ మొదటికి పెట్టమని రిమోట్ అడిగి తీసుకున్నాను. పేరు తెర మీదికి జరుగుతుండగానే నా వేళ్లు వాటంతటవే కదిలాయి: పైకి పైకి, కిందకి కిందకి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ. ఆ వరసలో నొక్కితే ముప్పై లైఫ్‌లు వచ్చే చీట్ కోడ్ అది. ఆ పెద్దాయన పగలబడి నవ్వాడు. రెండో రిమోట్ పట్టుకుని నాతో జలపాతం లెవెల్ దాకా ఆడాడు. పైకి ఎక్కేటప్పుడు ఆగకుండా ముందుకు పోయి నన్ను తెర కింద వదిలేసి చంపేది మా తమ్ముడొక్కడే అనుకున్నాను. జర్మన్లూ అంతే.

మరి ఎందుకు మార్చారు? నాకు అర్థమైనంత వరకు కారణం జర్మనీయే. అక్కడ పిల్లలకు హానికరం అనుకున్న పుస్తకాలు, సినిమాలు, ఆటల జాబితా తయారుచేసే ప్రభుత్వ సంస్థ ఒకటి 1954 నుంచి ఉంది. ఆ జాబితాకెక్కితే ఇక ప్రకటన ఇవ్వకూడదు, పిల్లలకు అమ్మకూడదు. పిల్లల ఆటకు అంతకంటే చావు ఏముంది? మనిషిని మనిషి కాల్చడం తప్పు, రోబో రోబోను కాలిస్తే తప్పులేదు. అలా 1990లో నింటెండోలో ఆడే కాంట్రా యూరప్ మొత్తానికీ ప్రోబోటెక్టర్‌గా వచ్చింది. రోబోనీ ప్రొటెక్టర్‌నీ కలిపి కుట్టిన పేరు అది. ఒక్క దేశం భయపడితే ఖండమంతా ప్యాంట్లు విప్పేసి ఇనుము తొడుక్కుంది.

అంతకుముందు మూడో పేరు కూడా ఉంది. 1987లో నాణెం వేసి ఆడే పెద్ద మెషిన్‌గా వచ్చినప్పుడు యూరప్‌లో దాని పేరు గ్రైజర్. ఇంగ్లండ్‌లో ఓషన్ అనే కంపెనీ అదే పేరుతో కంప్యూటర్లకు అమ్మింది. ఆ డబ్బా మీద బొమ్మ గీసినవాడు బాబ్ వేక్లిన్. అందులో వీరుణ్ణి ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ ఫొటో పక్కన పెట్టుకుని గీశాడని చూడగానే తెలిసిపోతుంది. 1988లో అమెరికాలో నింటెండోకి వచ్చినప్పుడు అదే బొమ్మ తీసుకుని పైన గ్రైజర్ బదులు కాంట్రా అని పెట్టారు. ఇంటికి సున్నం కూడా వేయకుండా నేమ్‌బోర్డు మార్చినట్టు.

అన్నిటికంటే నాకు నచ్చేది జపాన్ డబ్బా. దాని మీద మూడు కంజి అక్షరాలు (జపాన్ వాళ్లు వాడే చైనా లిపి) ఉంటాయి: కొన్, తొ, ర. కలిపి చదివితే కాంట్రా. మొదటిది ఆత్మ, రెండోది పోరాటం, మూడోది శబ్దం కోసం. మన అవధానాల్లో దత్తపది గుర్తొచ్చింది నాకు. పరాయి మాటిచ్చి, దాన్ని మన అర్థంలో ఇమడ్చమంటారే, అలాంటిదే. దీని ముందు ప్రోబోటెక్టర్ అన్న పేరు ఎంత చప్పగా ఉందో చూడండి. పైగా జపాన్ క్యాసెట్‌లో అదనపు చిప్ ఉండేది కాబట్టి వాళ్లకు లెవెల్‌కీ లెవెల్‌కీ మధ్య మ్యాపు, అడవిలో ఊగే ఆకులు కూడా వచ్చాయి. అమెరికా వాళ్లకు అవి లేవు.

ప్లేస్టేషన్ కాలం వచ్చేసరికి యూరప్‌లోనూ కాంట్రా పేరే వాడారు. 2019లో కొనామి పాత కాంట్రా ఆటలు కొన్ని కలిపి ఒక కట్ట వేసింది. జపాన్‌దీ అమెరికాదీ రెండూ పెట్టింది, తర్వాతి ఆటల యూరప్ రోబో రూపాలు కూడా పెట్టింది. నేను స్టుట్‌గార్ట్‌లో చూసిన మొదటి ప్రోబోటెక్టర్ మాత్రం పెట్టలేదు! 2024లో వచ్చిన కొత్త కాంట్రాలో రోబో కూడా ఆడదగ్గ పాత్ర అయ్యాడు. ఒకప్పుడు మనుషుల్ని దాచడానికి తెచ్చినవాడు ఇప్పుడు ఇంటి మనిషి.

ఇప్పుడు నా మొదటి మాటకొస్తాను. పద్ధతిగా డబ్బు పెట్టి కొన్న జర్మన్ కుర్రాడికి రోబో దక్కింది. దొంగ క్యాసెట్ ఆడిన మాకు అసలు పేరు, అసలు లోగో, అసలు ప్యాంట్లు దక్కాయి. కాబట్టి మాదే అసలైనది. ఎవరైనా కాదంటే కింద రాయండి, చూద్దాం.

బేరం ఆడి పదిహేను యూరోలకు ఆ క్యాసెట్ కొన్నాను. ఆడటానికి కాదు, తమ్ముడికి చూపించడానికి. తెనాలి వచ్చాక వాడు అటక మీంచి మా పాత మెషిన్ దించి, దుమ్ము దులిపి, క్యాసెట్ కింద ఊదాడు కూడా. అది పట్టలేదు. మన మెషిన్లు జపాన్ పద్ధతివి, అరవై పిన్నులు. యూరప్ క్యాసెట్‌కి డెబ్బై రెండు. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, పైన బొమ్మ చూసి, "ఇందులో నీలం ప్యాంటు ఎవరిది అన్నయ్యా?" అన్నాడు.