మత్తు పదార్థాలపై పీజీ చేయాలంటే ఏ సబ్జెక్టు దారిలో వెళ్లాలి?

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. మత్తు పదార్థాలు మెదడుపై ఎలా పనిచేస్తాయో, వాటివల్ల జరిగే హానిని ఎలా తగ్గించవచ్చో చదవాలని ఉంది. దీనికి ప్రత్యేకంగా పీజీ ఉంటుందా? ఉద్యోగాలు వస్తాయా? ఇంట్లో ‘చదవడానికి ఇంకేం దొరకలేదా’ అంటున్నారు.

జవాబు: ఉంటుంది. కానీ ఆ పేరున్న కోర్సు కోసమే వెతుకుతూ కూర్చుంటే మంచి దారులు చాలా కంటపడకుండా పోతాయి. ‘అడిక్షన్ స్టడీస్’, ‘అడిక్షన్ సైన్స్’ పేర్లతో కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఎంఎస్సీలు ఉన్నాయి. లండన్‌లోని కింగ్స్ కాలేజీలో ఉన్న నేషనల్ అడిక్షన్ సెంటర్, సిడ్నీలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన నేషనల్ డ్రగ్ అండ్ ఆల్కహాల్ రీసెర్చ్ సెంటర్ ఈ రంగంలో పేరున్న కేంద్రాలు. అయితే ఇలాంటి చోట్ల పనిచేసే చాలామంది డిగ్రీ పట్టాలో ‘డ్రగ్స్’ అన్న మాటే కనిపించదు. వాళ్లు అనలిటికల్ కెమిస్టులు, ఫార్మకాలజిస్టులు (మందులు శరీరంపై ఎలా పనిచేస్తాయో చదివేవారు), ఎపిడెమియాలజిస్టులు (జబ్బులు, మరణాలు ఎవరిలో ఎన్నో లెక్కతీసేవారు), నర్సులు, సోషల్ వర్కర్లు. ముందు ఒక పద్ధతిలో చేయి తిరగాలి, తర్వాత దాన్ని మత్తు పదార్థాల మీద వాడాలి. ఈ వరస తారుమారైతే అన్నిటి గురించీ కాస్త కాస్త తెలుస్తుంది గానీ ఏ పనీ సొంతంగా చేయడం రాదు.

ఒక్క ఉదాహరణ తీసుకోండి. ఒక మనిషి ఓపియాయిడ్ (హెరాయిన్, మార్ఫిన్ కోవకు చెందిన మందు) ఓవర్‌డోస్‌తో పడి ఉన్నాడు. పెదవులు నీలంగా మారాయి, కంటిపాపలు సూదిమొనంత అయ్యాయి, శ్వాస ఆగి ఆగి వస్తోంది. ఫార్మకాలజీ చదివినవారికి ఇక్కడ కనిపించేది మ్యూ రిసెప్టర్, అంటే కణం మీద ఓపియాయిడ్ అతుక్కునే చోటు. మెదడు కాండంలో శ్వాస లయను నడిపే కణాల మీద ఈ రిసెప్టర్లు ఉంటాయి. ఓపియాయిడ్ ఈ రిసెప్టర్లకు అతుక్కుని ఆ కణాలను అణచేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతున్నా శరీరానికి ఊపిరి తీయాలన్న తొందర పుట్టదు. విరుగుడు మందైన నాలోక్సోన్ అదే రిసెప్టర్‌కు గట్టిగా అతుక్కుని ఓపియాయిడ్‌ను పక్కకు నెడుతుంది. 4 మిల్లీగ్రాముల ముక్కు స్ప్రే సాధారణంగా 2, 3 నిమిషాల్లో పని మొదలుపెడుతుంది. స్పందన లేకపోతే మళ్లీ ఇస్తారు, ఈలోగా నోటితో శ్వాస అందిస్తారు. దీని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే. లోపల ఉన్నది మెథడోన్ లాంటి దీర్ఘకాలం పనిచేసే మందైతే లేచి కూర్చున్న మనిషి గంట తర్వాత మళ్లీ శ్వాస తగ్గి పడిపోవచ్చు. అతను వాడిన పొట్లంలో జైలజీన్ (పశువులకు ఇచ్చే మత్తుమందు) గానీ బెంజోడయాజపైన్ (నిద్రమాత్రల కోవ మందు) గానీ కలిసి ఉంటే ఇంకో చిక్కు. నాలోక్సోన్ వాటి మీద పనిచేయదు. శ్వాస తిరిగొస్తుంది, మెలకువ రాదు. ఇది తెలియనివారు మందు పనిచేయలేదనుకుని డోసు మీద డోసు ఇస్తూ పోతారు. చూడాల్సింది శ్వాసను.

అదే సంఘటనలో కెమిస్టు ‘ఆ పొట్లంలో ఏముంది, ఎంత ఉంది’ అంటారు. ఎపిడెమియాలజిస్టు ‘ఈ నెలలో ఇలాంటివి ఎన్ని, ఎవరిలో’ అంటారు. జైలు నుంచి బయటికొచ్చిన తొలి రెండు వారాల్లో ఓవర్‌డోస్ మరణాల ముప్పు బాగా ఎక్కువని తేలింది ఇలాంటి లెక్కలతోనే. లోపల ఉన్నన్నాళ్లూ శరీరం అలవాటు తప్పుతుంది, బయటికొచ్చాక పాత డోసే ప్రాణం తీస్తుంది. సోషల్ వర్కర్ అడిగేది ‘ఒంటరిగా ఎందుకు వాడాడు, పక్కనున్నవాళ్లు అంబులెన్స్‌కు ఫోన్ చేయడానికి ఎందుకు భయపడ్డారు’ అని. మీకు ఈ ప్రశ్నల్లో దేని దగ్గర ఆగి ఆలోచించాలనిపించిందో చూసుకోండి. కోర్సు ఎంపికకు అంతకన్నా పనికొచ్చే కొలత లేదు.

మీది కెమిస్ట్రీ కాబట్టి ఆ దారి గురించి కాస్త వివరంగా. అనలిటికల్ లేదా ఫోరెన్సిక్ కెమిస్ట్రీలో పీజీ చేస్తే డ్రగ్ చెకింగ్ సేవలు, టాక్సికాలజీ (శరీరంలో విషపదార్థాలను గుర్తించే) ల్యాబులు, ఫోరెన్సిక్ ల్యాబులు అందుబాటులోకి వస్తాయి. డ్రగ్ చెకింగ్ అంటే వాడేవాళ్లు తెచ్చిన నమూనాను పరీక్షించి, అందులో ఏముందో వాళ్లకే చెప్పి, ప్రమాదకరమైనది తిరుగుతుంటే అందరినీ హెచ్చరించడం. నెదర్లాండ్స్‌లో ఈ వ్యవస్థ 1990ల తొలినాళ్ల నుంచీ నడుస్తోంది. ఇక్కడ ఏ పరికరం ఎక్కడ తప్పుతుందో తెలిసినవారికే విలువ. రంగు మారే రీఏజెంట్లు పదార్థం ఏ కుటుంబానిదో సూచిస్తాయి, అంతే. మిశ్రమంలో ముదురు రంగు ఇచ్చేది మిగతావాటిని కప్పేస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ కాంతితో పదార్థాన్ని గుర్తించే ఎఫ్‌టీఐఆర్ నిమిషాల్లో చెబుతుంది కానీ బరువులో సుమారు 5 శాతం కన్నా తక్కువ ఉన్నదాన్ని తరచూ వదిలేస్తుంది. చాలా శక్తిమంతమైన ఓపియాయిడ్ అయిన ఫెంటనిల్ ఆ 5 శాతం కన్నా తక్కువ ఉన్నా ప్రాణం తీయగలదు. అందుకే పక్కన టెస్ట్ స్ట్రిప్ వాడతారు. ఆ స్ట్రిప్ ఉందో లేదో చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. ద్రావణం మరీ చిక్కగా కలిపితే మెథాంఫెటమిన్, ఎండీఎంఏ (‘ఎక్స్‌టసీ’) కూడా ఫెంటనిల్ ఉన్నట్టు చూపించగలవు, కాబట్టి నీళ్లు ఎన్ని కలపాలన్నది కచ్చితంగా పాటించాల్సిన విషయం. ఇవన్నీ సరిగ్గా చేసినా పొడి సమంగా కలవకపోతే ఒక మూల తీసిన నమూనా ఇంకో మూల గురించి ఏమీ చెప్పదు.

నమూనాను వేడితో ఆవిరి చేసి, భాగాలుగా వేరుచేసి గుర్తించే జీసీ-ఎంఎస్ దగ్గరికొస్తే తికమక ఇంకో రకం. ఇంజెక్టర్ వేడికి సైలోసైబిన్ (కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే మత్తు పదార్థం) ఫాస్ఫేట్ పోగొట్టుకుని సైలోసిన్ అవుతుంది, గంజాయిలోని టీహెచ్‌సీ ఆమ్లం టీహెచ్‌సీగా మారుతుంది. అంటే మెషీన్ చూపించింది నమూనాలో ఉన్నదో, మెషీనే తయారుచేసిందో ముందు తేల్చుకోవాలి. ఫ్లోరోఫెంటనిల్‌లో ఫ్లోరిన్ ఆర్థో, మెటా, పారా స్థానాల్లో ఎక్కడున్నా మాస్ స్పెక్ట్రమ్ దాదాపు ఒకేలా వస్తుంది. ఇంటర్వ్యూలో ‘జీసీ-ఎంఎస్ వాడాను’ అనేవాళ్లకు కొదవ లేదు. టీహెచ్‌సీ ఆమ్లం కావాలంటే ఎల్‌సీకి (ఆవిరి చేయకుండా ద్రవంలోనే వేరుచేసే లిక్విడ్ క్రొమటోగ్రఫీకి) ఎందుకు వెళ్లాలో చెప్పగలిగేవాళ్లు తక్కువ.

ఎపిడెమియాలజీని మాత్రం కెమిస్ట్రీ విద్యార్థులు అన్యాయంగా చిన్నచూపు చూస్తారు. ఉద్యోగాల పరంగా చూస్తే ఇదే అన్నిటికన్నా వెడల్పైన దారి. బయోస్టాటిస్టిక్స్, ‘ఆర్’ లేదా స్టాటా అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ వస్తే మత్తు పదార్థాల రంగంలో ఖాళీలు లేని ఏడాది కూడా ప్రజారోగ్యంలో ఇంకో పని దొరుకుతుంది. పైగా మీ కెమిస్ట్రీ వృథా కాదు. మురుగునీటిని పరీక్షించి ఊరంతా ఏం వాడుతోందో అంచనా వేసే పని ఇప్పుడు స్థిరపడిన శాస్త్రం. 2005లో ఇటలీ పరిశోధకులు పో నది నీళ్లలో కొకైన్ ఆనవాళ్లు కొలిచి దీనికి బాట వేశారు. కొలిచేది కొకైన్ ఒక్కటే కాదు, శరీరం దాన్ని మార్చాక మూత్రంలో వచ్చే బెంజాయిల్‌ఎక్గోనిన్‌ను కూడా. లేకపోతే వాడినదేదో, పారబోసినదేదో తెలియదు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఒకసారి ఎండీఎంఏ అంకె అమాంతం పెరిగింది. ఊరు ఊరంతా వాడేసిందనుకోవచ్చు. కానీ ఎండీఎంఏకు అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు రూపాలుంటాయి, శరీరం ‘ఎస్’ రూపాన్ని త్వరగా విరగ్గొడుతుంది కాబట్టి మూత్రంలో ‘ఆర్’ రూపం ఎక్కువ మిగలాలి. ఆ నీళ్లలో రెండూ ఇంచుమించు సమానంగా ఉన్నాయి. ఎవరో సరుకును నేరుగా డ్రైనేజీలో పోశారన్నమాట. కైరాలిటీ పాఠం ఎందుకు చదువుతున్నామని క్లాసులో అనుకుని ఉంటారు కదా!

న్యాయశాస్త్రం, నర్సింగ్, సోషల్ వర్క్ దారులూ ఉన్నాయి గానీ మీ డిగ్రీ నుంచి అటు మళ్లడానికి సమయం పడుతుంది.

ఇక ‘హాని తగ్గించడం’ అన్న మాట. అది కోర్సు పేరు కన్నా ప్రశ్న వేసే తీరు. మనిషి వాడటం ఈరోజే మానకపోయినా ఈరోజు చనిపోకుండా, జబ్బు పడకుండా ఏం చేయగలం అన్నది దాని ప్రశ్న. శుభ్రమైన సిరంజిలు ఇవ్వడం, హెరాయిన్ లాంటి వాటికి బదులుగా ఇచ్చే మెథడోన్, బూప్రెనార్ఫిన్ చికిత్స, 2003లో కెనడాలోని వాంకూవర్‌లో తెరిచిన ఇన్‌సైట్ లాంటి, సిబ్బంది పర్యవేక్షణలో వాడుకునే కేంద్రాలు, అన్నీ ఈ కోవలోవే. చికిత్సకు ఇది పోటీ కాదు. చాలామందికి చికిత్సలోకి తొలి మెట్టు ఇదే. ఇంటర్వ్యూల్లో తరచూ బోల్తా పడే చోటు పోర్చుగల్. అక్కడ 2001లో డ్రగ్స్‌ను చట్టబద్ధం చేశారని చాలామంది రాసేస్తారు. చేయలేదు. సుమారు పది రోజుల సొంత వాడకానికి సరిపడేంత ఉంటే క్రిమినల్ కేసు లేకుండా, ఒక కమిషన్ ముందుకు పంపే పరిపాలనాపరమైన తప్పుగా మార్చారు. అమ్మకం ఇప్పటికీ నేరమే. ఈ తేడా రాయలేకపోతే పాలసీ కోర్సులో సీటు కష్టం.

ఇంకో అభ్యాసం. 2010లో బ్రిటన్ శాస్త్రవేత్త డేవిడ్ నట్ బృందం వైద్య పత్రిక లాన్సెట్‌లో 20 పదార్థాలను, అవి చేసే హానిని బట్టి, 16 ప్రమాణాలతో తూచి 100కు మార్కులు వేసింది. మద్యానికి 72, హెరాయిన్‌కు 55, క్రాక్ కొకైన్‌కు 54 వచ్చాయి. ఆ పేపర్ చదివి, ఏ ప్రమాణానికి ఎంత బరువు ఇవ్వాలో ఎవరు నిర్ణయించారు, వాడేవారి సంఖ్య మారితే వరస ఎలా మారుతుంది అని ఒక పేజీ విమర్శ రాయండి. దరఖాస్తుకు జతచేయడానికి అది పనికొస్తుంది. మీ ఇంట్లోవాళ్లతో మాటలకు కూడా పనికొస్తుంది. మద్యం, పొగాకు కూడా ఈ చదువులో భాగమేనని తెలిశాక వాళ్ల అభ్యంతరం కొంత మెత్తబడుతుంది. మిగతాది ఉద్యోగాల గురించిన భయం. ఆస్పత్రి టాక్సికాలజీ, ఫోరెన్సిక్ ల్యాబు, కొత్త మందు వ్యసనానికి దారితీస్తుందేమో చూసే ఫార్మా విభాగాలు, ప్రజారోగ్య శాఖలు, ఐక్యరాజ్యసమితి డ్రగ్స్ కార్యాలయం, లిస్బన్‌లోని యూరోపియన్ యూనియన్ డ్రగ్స్ ఏజెన్సీ అని పేర్లతో చెప్పండి.

సైకెడెలిక్ చికిత్సల (సైలోసైబిన్ లాంటి భ్రాంతి కలిగించే పదార్థాలతో మానసిక చికిత్స) మీద ఇప్పుడు మోజు ఎక్కువ. జాన్స్ హాప్కిన్స్, లండన్ ఇంపీరియల్ కాలేజీ 2019లో ప్రత్యేక కేంద్రాలు పెట్టాయి. అయినా కెరీర్ మొత్తం దాని మీదే పందెం కాయకండి. 2024 ఆగస్టులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎండీఎంఏ చికిత్సకు అనుమతి నిరాకరించింది. తమకు అసలు మందు వచ్చిందో, ఉత్తుత్తి గుళిక వచ్చిందో పాల్గొన్నవారు ఇట్టే పోల్చుకోగలగడం ఈ ట్రయల్స్ అన్నిటికీ ఉన్న పెద్ద చిక్కు. దాన్ని ఎలా దాటాలన్నది మాత్రం చక్కటి పీహెచ్‌డీ ప్రశ్న.

కోర్సు చూసేటప్పుడు బ్రోషర్ పక్కనపెట్టి సిలబస్ తెరవండి. స్టాటిస్టిక్స్‌కు ఎన్ని క్రెడిట్లు? పరికరాన్ని విద్యార్థే నడుపుతారా, ఆపరేటర్ నడుపుతుంటే చూస్తారా? ప్లేస్‌మెంట్ ఎన్ని వారాలు? గైడ్ గత మూడేళ్లలో ఏం ప్రచురించారు, నిధులు మద్యం కంపెనీల నుంచి వస్తున్నాయా? అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రాజెక్టుకు కావాల్సిన అనుమతులు ముందే ఉన్నాయా? నియంత్రిత పదార్థాలకు లైసెన్సు, తాళం వేసిన అల్మరా, మిల్లీగ్రాము లెక్క రాసే రిజిస్టరు కావాలి. వాడేవాళ్లను ఇంటర్వ్యూ చేయాలంటే ఎథిక్స్ కమిటీ ఆమోదానికే నెలలు పట్టవచ్చు. మత్తులో ఉన్న మనిషి ఇచ్చిన సమ్మతి చెల్లుతుందా, చెప్పిన నేరం పోలీసులకు చేరదని హామీ ఏమిటి, పాల్గొన్నందుకు ఎంత ఇవ్వాలి అని వాళ్లు అడుగుతారు. ఆరు నెలల డిసర్టేషన్లు మునిగేది సాధారణంగా ఇక్కడే. మీ గైడ్‌కు అనుమతి చేతిలో లేకపోతే, ఇప్పటికే సేకరించిన డేటాతో చేసే అంశం అడగండి.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో ‘మత్తు రక్కసి’, ‘యువత నిర్వీర్యం’ లాంటి మాటలు వద్దు. ‘బానిస’ అనే చోట ‘వాడే వ్యక్తి’ అనండి. ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఆ ఒక్క పదంతోనే మిమ్మల్ని అంచనా వేస్తారు. సొంత వాడకం ప్రస్తావన కూడా వద్దు. క్షేత్రస్థాయి పీర్ వర్కర్ (ఒకప్పుడు వాడి, ఇప్పుడు వాడేవారికి సాయం చేసేవారు) ఉద్యోగాల్లో ఆ అనుభవం అర్హతే అయినా, నియంత్రిత పదార్థాలు ఉండే ల్యాబులో నేపథ్య విచారణ, డ్రగ్ టెస్ట్ ఉండొచ్చు.

ఈ సెమిస్టర్‌లో చేయాల్సినవి రెండు. బయోస్టాటిస్టిక్స్ ఎలక్టివ్ దొరికితే తీసుకోండి. మీ ఆసక్తికి దగ్గరగా ఉన్న ముగ్గురు ప్రొఫెసర్లకు 150 పదాలు మించని మెయిల్ పంపండి. అందులో వాళ్ల పేపర్ ఒకటి పేర్కొని, అందులో మీకు అర్థంకాని ఒక నిర్దిష్ట విషయం అడగండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయవచ్చు, రెండోసారి వద్దు.