పార్కులో వాచ్‌మన్ గదికి అనుమతి ఎవరు అడగాలి?

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లాలో ఒక మున్సిపాలిటీ. 1999లో డీటీసీపీ (పట్టణ, గ్రామీణ ప్రణాళికా విభాగం) ఆమోదించిన లేఅవుట్, అందులో 1,150 గజాల పార్కు. రాత్రిళ్లు తాగుబోతుల బెడద పడలేక 2010లో కాలనీ సంక్షేమ సంఘం తరఫున తలా కొంత వేసుకుని, పార్కు మూలన పది బై పన్నెండు రేకుల గది కట్టి, వాచ్‌మన్‌ను కుటుంబంతో సహా ఉంచాం. చందాలు రాక 2015 జనవరి నుంచి జీతం ఆపేశాం. గది ఉచితం, బదులుగా మొక్కలకు నీళ్లు పోయడం, గేటుకు తాళం వేయడం అతని పని అని నోటిమాటగా అనుకున్నాం. 2017లో అతను సొంత డబ్బుతో పక్కనే స్లాబు గది వేసుకున్నాడు, మేం వద్దనలేదు. 2018లో కరెంటు మీటరు అతని పేరనే తీసుకున్నాడు. ఇప్పుడు ఏడు రోజుల్లో కట్టడాలు తొలగించాలని సంఘానికి మున్సిపాలిటీ నోటీసు వచ్చింది. అతని భార్యకు డయాలసిస్ జరుగుతోంది, కూతురు డిగ్రీ చదువుతోంది. మా పిల్లల్ని తన పిల్లల్లా చూసుకున్న మనిషి. ఆ రెండు గదులున్న 60 గజాలను అతని పేరున ఆన్‌లైన్‌లో రూపాయికే నమోదు చేయించవచ్చని, లేదంటే పాత తేదీతో కిరాయి అగ్రిమెంటు రాసుకోవచ్చని ఒక ఏజెంటు అంటున్నాడు. గదికి అనుమతి తెచ్చుకునే దారి చెప్పండి.
— సంఘం కార్యదర్శి

జవాబు: వాచ్‌మన్ కుటుంబం గురించి వివరంగా రాశారు. నోటీసు మీ చేతికి ఏ తేదీన అందిందో మాత్రం ఎక్కడా రాయలేదు. ఏడు రోజుల గడువు లెక్కపెట్టేది ఆ తేదీ నుంచే. కవరు పారేయకుండా ఉంటే దాని మీద ముద్ర చూడండి. మనిషి చేతికి ఇచ్చి వెళ్తే ఎవరు సంతకం పెట్టి తీసుకున్నారో కనుక్కోండి. ఈ జవాబు చదివేసరికి గడువు దాటిపోయి ఉన్నా ఈరోజే సమాధానం ఇవ్వండి. ఆలస్యంగా ఇచ్చిన సమాధానమైనా ఫైల్లో ఉంటుంది, ఇవ్వనిది ఉండదు.

ఇక అసలు ప్రశ్న. అనుమతి ఎలా తెచ్చుకోవాలని అడిగారు. మీ సంఘం తెచ్చుకోలేదు. కట్టడానికి అనుమతి అడిగే హక్కు స్థలం యజమానిది. లేఅవుట్ ఆమోదం పొందేటప్పుడు రోడ్లు, పార్కు స్థలాలను డెవలపర్ స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ (దానపత్రం) ద్వారా ఉచితంగా అప్పగించాలి. ఆ డీడ్ రిజిస్టర్ అయి ఉంటే పార్కుకు యజమాని మున్సిపాలిటీ. మీరు చందాలతో గది కట్టినా, ప్రహరీ కట్టినా, ఇన్నేళ్లు నీళ్లు పోసినా సంఘానికి అక్కడ గజం హక్కు కూడా రాదు. మీ కేసంతా ఈ ఒక్క కాగితం మీదే నడుస్తుంది. దాన్ని మీరు ఎన్నడైనా చూశారా? చూసినట్టు ఉత్తరంలో లేదు.

అందుకని మొదట ఆ డీడ్ సర్టిఫైడ్ కాపీ తీయించండి. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో లేఅవుట్ సర్వే నంబరు మీద 1998 నుంచి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీస్తే డీడ్ ఉందో లేదో తేలిపోతుంది. ఆమోదించిన లేఅవుట్ ప్లాన్ నకలు కోసం మున్సిపాలిటీకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. డీడ్ అసలు లేదని తేలితే మరింత జాగ్రత్త పడాలి. చాలా పాత లేఅవుట్లలో ప్లాన్‌లో పార్కు అని ఉంటుంది, రెవెన్యూ రికార్డులో మాత్రం పాత పట్టాదారు పేరే నడుస్తుంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత అతని వారసులు వచ్చి ముక్కలుగా అమ్ముకుంటారు. అలాంటి చోట వాచ్‌మన్ గది గురించి ఆలోచించేలోపు పార్కే పోతుంది. డీడ్ ఉన్నా లేకున్నా ఆ సర్వే నంబరులోని పార్కు స్థలాన్ని రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ నిషేధిత జాబితాలో (అమ్మకాలు రిజిస్టర్ చేయకూడని ఆస్తుల జాబితా) చేర్పించమని కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి.

జోనింగ్ సంగతి, అంటే ఏ స్థలాన్ని ఏ పనికి వాడవచ్చన్న నియమాలు. పార్కు స్థలంలో ఇల్లు కట్టకూడదన్నది సాధారణ నియమం. దానికి ఒక చిన్న మినహాయింపు ఉంది. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014 నాటి ప్రణాళికా మార్గదర్శకాల్లో వినోద వినియోగ జోన్‌లో నివాసాలను నిషేధిస్తూనే 'వాచ్ అండ్ వార్డ్' (కాపలా) కోసం అవసరమైనదాన్ని మినహాయించారు. మీ పట్టణ మాస్టర్ ప్లాన్ జోనింగ్ నిబంధనల్లో ఈ మాట ఉందో లేదో టౌన్ ప్లానింగ్ విభాగంలో చదివి చూడండి. ఉంటే మీ రేకుల గదికి దారి దొరుకుతుంది. స్లాబు గదికి దొరకదు. కాపలాకు ఒక గది చాలు. రెండోది కుటుంబ నివాసం అవుతుంది, దాన్ని వాచ్ అండ్ వార్డ్ కింద సమర్థించడం ఎవరి వల్లా కాదు. పార్కు స్థలాన్ని మరో పనికి మళ్లించడం మీద సుప్రీంకోర్టు ఎంత కటువుగా ఉందో తెలియాలంటే రెండు తీర్పులు చాలు. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇవ్వడం చెల్లదంది. 1999లో లక్నో ఝండేవాలా పార్కు కింద కడుతున్న షాపింగ్ కాంప్లెక్సును కూల్చి పార్కును యథాస్థితికి తెమ్మంది. రెండో కేసులో కట్టించినది సాక్షాత్తూ నగరపాలక సంస్థే.

2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కూల్చివేతలకు 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసింది కదా, మాకు ఏడే రోజులు ఇచ్చారని వాదించాలని ఎవరైనా చెప్పవచ్చు. ఆ తీర్పు చివర్లో మినహాయింపు చదవండి. రోడ్డు, ఫుట్‌పాత్, నీటి వనరుల వంటి బహిరంగ స్థలాల్లోని అక్రమ కట్టడాలకు ఆ ఆదేశాలు వర్తించవు. పార్కు బహిరంగ స్థలం కాదని కోర్టును ఒప్పించగలనని నేనైతే అనుకోను.

ఏజెంటు చెప్పిన రెండు దారులూ తొక్కకండి. తెలంగాణలో ఆన్‌లైన్ భవన అనుమతులకు ఉన్న టీజీ-బీపాస్ చట్టం కింద 75 గజాల లోపు ప్లాటుకు రూపాయి ఫీజుతో ఇన్‌స్టంట్ రిజిస్ట్రేషన్ ఉన్న మాట నిజం. అది సొంత ప్లాటున్నవారికి. దరఖాస్తుతో పాటు స్థలం తనదేనని స్వీయ ధ్రువీకరణ ఇవ్వాలి. అది అబద్ధమని తేలితే నోటీసు కూడా లేకుండా కూల్చే అధికారం ఆ చట్టమే ఇస్తోంది. ఏడు రోజుల గడువైనా ఉన్న కట్టడానికి ఆ గడువు కూడా లేకుండా చేసుకోవడం అది. పైగా సంతకం వాచ్‌మన్‌ది, జైలుకు పోయే భయమూ అతనిదే. డబ్బు తీసుకుని ఏజెంటు ఫోన్ మార్చేస్తాడు. ఇంటి నంబరు తెచ్చి పన్ను కట్టినా లాభం లేదు. పన్ను రసీదు, కరెంటు బిల్లు ఎవరు అనుభవిస్తున్నారో చెబుతాయి, స్థలం ఎవరిదో చెప్పవు. ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ), బీఆర్‌ఎస్ (భవనాల క్రమబద్ధీకరణ) పథకాలు లేఅవుట్ ఖాళీ స్థలాలకు వర్తించవు.

పాత తేదీతో కిరాయి అగ్రిమెంటు ఇంకా ప్రమాదం. స్టాంపు కాగితం అమ్మిన తేదీ రికార్డులో ఉంటుంది, ఇట్టే దొరికిపోతారు. న్యాయవిచారణలో వాడటానికి అబద్ధపు పత్రం తయారు చేస్తే భారతీయ న్యాయ సంహిత 229 కింద ఏడేళ్ల వరకు శిక్ష. దొరకలేదే అనుకుందాం. అప్పుడు మీది కాని స్థలానికి కిరాయి తీసుకున్నట్టు సంఘమే ఒప్పుకున్నట్టు. ఇన్నాళ్లూ నౌకరీలో భాగంగా ఉన్న మనిషిని మీ చేతులతో మీరే కిరాయిదారును చేసినట్టు. అతను నౌకరీలో భాగంగా ఉండటం ఎందుకు ముఖ్యమో కింద చెబుతాను.

వాచ్‌మన్, కేర్‌టేకర్, పనివాడు ఎన్నేళ్లు ఉన్నా ఆ ఆస్తిలో హక్కు పుట్టదని సుప్రీంకోర్టు 2012లో మరియా మార్గరిడా కేసులో స్పష్టం చేసింది. అయితే అతను వాచ్‌మన్‌గానే ఉన్నాడని రుజువు ఏది? 2010 నుంచి 2014 వరకు జీతం వోచర్లు ఉంటే అవి ఒక రుజువు. 2015 జనవరి నుంచి మీ దగ్గర ఏ కాగితమూ లేదు. జీతం ఆపి, స్లాబు వేస్తుంటే చూస్తూ ఊరుకుని, మీటరు అతని పేర వస్తే నోరు మెదపని సంఘాన్ని ఏమనాలి? అతని వకీలు 2015 జనవరి నుంచి 'యజమానిలా ఉన్నాడు' అని లెక్క మొదలుపెడితే 2027 జనవరితో పన్నెండేళ్లు నిండుతాయి. స్థలం వెనక్కి ఇప్పించమని యజమాని దావా వేయడానికి లిమిటేషన్ చట్టంలో ఆర్టికల్ 65 ఇచ్చే గడువు అంతే, అది దాటితే స్థలం అతనికే దక్కవచ్చు. ప్రభుత్వానికి 30 ఏళ్లు ఉంటాయి కదా అని ధీమాగా ఉండకండి. ఆర్టికల్ 112లోని 30 ఏళ్లు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల దావాలకు. స్థానిక సంస్థలకు 30 ఏళ్లు ఇచ్చే ఆర్టికల్ 111 వీధులు, రోడ్లకే. పార్కు ఆ మాటల్లో లేదు. ప్రజావసర ఆస్తుల మీద ఇలాంటి హక్కు పుట్టకుండా చట్టంలోనే రాయాలని 2019లో రవీందర్ కౌర్ గ్రేవాల్ తీర్పులో సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. అంటే చట్టంలో ఆ ఖాళీ ఉందనే అర్థం. అనుమతితో మొదలైన నివాసం దానంతటదే ప్రతికూల స్వాధీనం (యజమాని హక్కును కాదని ఏళ్ల తరబడి తనదిగా అనుభవించడం) కాదు, న్యాయం మీ వైపే ఉంది. కానీ ఆ అనుమతిని నిరూపించే బాధ్యత అంతా కాగితాల మీద పడుతుంది, ఆ కాగితాలు లేనిది మీ నిర్లక్ష్యం వల్ల.

స్లాబు గదిలో ఇంకో మెలిక ఉంది. అనుమతితో ఉంటున్నవాడు ఆ అనుమతిని నమ్మి సొంత ఖర్చుతో శాశ్వత నిర్మాణం చేస్తే, ఆ అనుమతిని వెనక్కి తీసుకోకూడదన్నది ఈజ్‌మెంట్ల చట్టం 60లోని సూత్రం. మీరు 'మేం వద్దనలేదు' అని రాసిన రెండు మాటలు అతని వాదనకు పునాది. సిమెంటు బిల్లులు అతని దగ్గర ఉండే ఉంటాయి.

చేయాల్సింది ఇదీ. నోటీసుకు సమాధానంలో మూడు మాటలు రాయండి: స్థలం మున్సిపాలిటీదే, సంఘానికి హక్కు లేదు; గది కాపలా కోసం కట్టాం, వాచ్‌మన్ మా అనుమతితో ఆ పని మీదే ఉన్నాడు; స్లాబు గదిని మేమే తొలగిస్తాం, రేకుల గదిని మున్సిపాలిటీ స్వాధీనం చేసుకుని వాచ్ అండ్ వార్డ్ గదిగా ఆమోదించాలి. నేరుగా ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర వేయించుకోండి. ఒక ప్రతి స్పీడ్ పోస్టులోనూ పంపండి.

వాచ్‌మన్‌తో కూర్చుని మాట్లాడండి. స్లాబుకు అతను పెట్టిన ఖర్చులో న్యాయమైన మొత్తం సంఘం చెల్లించి, ఇక ఏ హక్కూ కోరనని రసీదు తీసుకోండి. తాను 2010 నుంచి సంఘం అనుమతితో కాపలాదారుగానే ఉన్నానని, స్థలం మున్సిపాలిటీదని అంగీకార పత్రం రాయించండి. ఆ ఒక్క పత్రంతో పన్నెండేళ్ల లెక్క చెదిరిపోతుంది. బెదిరించి రాయిస్తే అది కోర్టులో నిలవదు. కాబట్టి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి, మున్సిపాలిటీని కూడా కలుపుకుని, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ అవార్డు తీసుకోండి. అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. అతని భార్యకు, కూతురికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం అక్కడే దొరుకుతుంది, వారి వైపు వకీలు ఉండటం మీకూ మంచిదే.

కరెంటు తీయించడం, నీళ్లు కట్ చేయడం, సామాను బయట వేయడం లాంటివి ఎవరు సలహా ఇచ్చినా చేయకండి. చట్టప్రకారం కాకుండా ఖాళీ చేయిస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6 కింద ఆరు నెలల్లోపు దావా వేసి అతను మళ్లీ స్వాధీనం పొందవచ్చు. అక్కడ మీ హక్కు, అతని హక్కు ఎవరూ చూడరు.

రేకుల గది నిలవాలంటే దరఖాస్తుదారు కమిషనర్ కావాలి. మీరు ఇవ్వాల్సింది ప్రతిపాదన మాత్రమే. కౌన్సిల్ తీర్మానం, పార్కు నిర్వహణకు సంఘంతో మున్సిపాలిటీ రాతపూర్వక ఒప్పందం, ఒక స్కెచ్ దానికి జత కావాలి. కొత్తగా కట్టాల్సి వస్తే జాతీయ భవన నిర్మాణ స్మృతి కనీస కొలతలు దాటి పోకండి: నివాస గది 9.5 చదరపు మీటర్లు, వెడల్పు 2.4 మీటర్లు, స్నానాల గది మరుగుదొడ్డి కలిపి 2.8 చదరపు మీటర్లు. గేటు పక్కన, నడక బాటకు అడ్డం లేకుండా. మీటరు మున్సిపాలిటీ పేర, ఇంటి నంబరు అడగకూడదు. కాపలాదారుకు జీతం మళ్లీ మొదలుపెట్టి, బ్యాంకు ఖాతాలోనే వేయండి. గదిని కిరాయిగా కాక ఉద్యోగం ఉన్నంతవరకు ఇచ్చిన వసతిగా, పని మానిన 30 రోజుల్లో ఖాళీ చేయాలన్న షరతుతో రాయండి. సంఘం సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయి, ఏటా రిటర్నులు వేస్తోందో లేదో కూడా చూసుకోండి. లేకపోతే ఈ ఒప్పందం మీద సంతకం ఎవరు పెట్టాలన్నదే తేలదు.

ఆ కుటుంబం మీద అంత అభిమానం ఉంటే, డయాలసిస్ కాగితాలు జతచేసి ఇందిరమ్మ ఇంటికి దరఖాస్తు వేయించండి. పార్కులో రెండో గది నిలబెట్టే ప్రయత్నం కన్నా అది వాళ్లకు పనికొస్తుంది. నోటీసు కవరు, 2010 నాటి మినిట్స్ పుస్తకం, వోచర్లు తీసుకుని ఈ వారంలోనే మీ జిల్లా కోర్టులో ఒక సివిల్ వకీలును కలవండి. మినిట్స్ పుస్తకంలో ఖాళీ పేజీలు ఉంటే వాటిలో ఇప్పుడు ఏమీ నింపకండి.