టీకా 1796లోనే వచ్చినా, మశూచి 1977 దాకా ఎందుకు పోలేదు?

పాలు పితికే స్త్రీ చేతిపైని గోమశూచి పుండు నుంచి తీసిన ద్రవంతో ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో ఒక బాలుడికి టీకా వేశారు. కానీ టీకా ఉండడం వేరు, అది మారుమూల పల్లెలో చివరి మనిషి దాకా చెడిపోకుండా చేరడం వేరు. మన పల్లెల్లో ‘అమ్మవారు పోసింది’ అని గుమ్మానికి వేపమండలు కట్టిన కాలం మరీ పాతదేమీ కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1967లో నిర్మూలన కార్యక్రమాన్ని ముమ్మరం చేసినప్పుడు రెండు సాధనాలు ఎంతో తోడ్పడ్డాయి. ఒకటి, వేడిని తట్టుకునే పొడి టీకా. రెండోది రెండు మొనల సూది: ద్రవంలో ముంచితే మొనల మధ్య ఒక చుక్క నిలిచేది, దానితో భుజంపై కాసంత చోట 15 సార్లు గుచ్చితే సరిపోయేది.

అయితే నా దృష్టిలో అసలు మలుపు వ్యూహంలో వచ్చింది. అందరికీ టీకా వేయడంపైనే ఆధారపడకుండా, కార్యకర్తలు రోగి ఫోటో ఉన్న కార్డు పట్టుకుని ఇంటింటికీ, బడులకూ, సంతలకూ తిరిగి రోగులను వెతికి, వారిని విడిగా ఉంచి, చుట్టుపక్కల వారందరికీ టీకాలు వేశారు. మశూచి వైరస్‌కు మనిషి తప్ప వేరే ఆశ్రయం లేకపోవడం, పొక్కులు స్పష్టంగా కనిపించడం వల్లే ఈ పద్ధతి ఫలించింది. జంతువుల్లోనూ దాగే వ్యాధులను ఇలా తుడిచిపెట్టడం చాలా కష్టం.

భారతదేశంలో 1975 మే తర్వాత మశూచి వ్యాప్తి ఆగిపోయింది. సహజంగా సోకిన చివరి కేసు 1977 అక్టోబరులో సోమాలియాలో నమోదైంది. 1980 మేలో ఆ వ్యాధి నిర్మూలనను అధికారికంగా ప్రకటించారు.