ఎస్‌యూవీ మ్యాక్స్ 24 ఉంటే లుటీషియం పనిచేస్తుందా? - సమాధానం

మీ నాన్నగారి ప్రోస్టేట్ క్యాన్సర్‌కి హార్మోన్ మందులు, డోసిటాక్సెల్ కీమో అయ్యాక కూడా పీఎస్‌ఏ (ఆ క్యాన్సర్ తీరు తెలిపే రక్తపరీక్ష విలువ) పెరుగుతోందని, హైదరాబాద్‌లో తీయించిన పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్‌లో (ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద ఉండే పీఎస్‌ఎంఏ ప్రోటీన్‌ని వెలిగించి చూపే స్కాన్) ఎస్‌యూవీ మ్యాక్స్ (ఎస్‌యూవీ అంటే ఆ వెలుగు కొలత) 24 వచ్చిందని, ఇక లుటీషియం-177 (ఆ పీఎస్‌ఎంఏకే అంటుకుని గడ్డకి రేడియేషన్ ఇచ్చే మందు) తప్పక పనిచేస్తుందా అని అడిగారు. ఆ ఒక్క అంకెతో నిర్ణయానికి రాకండి. మ్యాక్స్ అంటే అన్నిటికన్నా బాగా వెలిగిన ఒక్క చోటి విలువ. మందు మాత్రం అన్ని గడ్డలకీ చేరాలి కదండీ.

ఫలితం అంచనాకి గడ్డలన్నిటి సగటు, అంటే ఎస్‌యూవీ మీన్, ఎక్కువ పనికొస్తుంది. లుటీషియం మీద ఆస్ట్రేలియాలో జరిగిన థెరా-పీ ట్రయల్‌లో ఈ సగటు 10, ఆపైన ఉన్నవాళ్లలోనే పీఎస్‌ఏ సగానికి పడిపోవడం ఎక్కువగా కనిపించింది. రిపోర్టులో ఇది చాలాసార్లు రాయరు. న్యూక్లియర్ మెడిసిన్ డాక్టరుగారిని లెక్కించమని అడగండి; డైకామ్ ఫైళ్లున్న (స్కాన్ అసలు డిజిటల్ చిత్రాలు) సీడీ పట్టుకెళ్లండి, ఫిల్ములతో ఆ లెక్క కుదరదు.

ట్రేసర్ (స్కాన్‌లో గడ్డలు వెలగడానికి ముందుగా ఎక్కించే మందు) పేరు కూడా చూడండి. గాలియం-68 పీఎస్‌ఎంఏ-11 అయితే గడ్డ కాలేయం కన్నా ఎక్కువ వెలగాలి. లుటీషియం మీదే జరిగిన విజన్ ట్రయల్ వాడిన కొలత అదే. ఫ్లోరిన్-18 పీఎస్‌ఎంఏ-1007 ఎక్కువగా కాలేయం గుండానే బయటికి పోతుంది కాబట్టి కాలేయమే బాగా వెలుగుతుంది. దాంట్లో "కాలేయం కన్నా తక్కువ" అని ఉంటే కంగారుపడకండి, ప్లీహంతో పోల్చమనండి. పక్కటెముకల్లో కనిపించే చిన్న చుక్కలన్నీ క్యాన్సరూ కావు.

అన్నిటికన్నా ముఖ్యం, ఎఫ్‌డీజీ పెట్ (చక్కెరని ఎక్కువగా వాడుకునే గడ్డల్ని చూపే స్కాన్) కూడా అవసరమేమో తప్పక అడగండి. ఎఫ్‌డీజీలో వెలిగి పీఎస్‌ఎంఏలో వెలగని గడ్డ ఉంటే, దాన్ని లుటీషియం పట్టుకోలేదు. ఆ స్కాన్‌కి 6 గంటలు పరగడుపున ఉండాలి, నీళ్లు తాగొచ్చు. షుగర్ 200 దాటితే సాధారణంగా వాయిదా వేస్తారు. రెండు స్కాన్ల మధ్య మందులు మారిస్తే పోలిక చెడుతుంది.