700 డాలర్లలో వేట రైఫిల్ వస్తుందా?

ప్రశ్న: అన్నయ్యగారికి నమస్కారం. నేను ప్లేనోలో ఉంటాను, హెచ్-1బి మీద పనిచేస్తున్నాను. మా టీంలో ఒకాయన మామగారికి లానో దగ్గర రాంచ్ ఉంది. ఈ నవంబరులో జింకల వేటకు రమ్మన్నారు. రైఫిల్ నాదే ఉండాలని నా కోరిక. ఇంట్లో చాలా బతిమాలితే 700 డాలర్లు శాంక్షన్ అయ్యాయి, అన్నీ అందులోనే సర్దుకోవాలి. షాపులో అడిగితే 1500కి తక్కువదంతా బొమ్మ తుపాకీ అన్నట్టు మాట్లాడారు. సిటిజన్ అయిన మా కజిన్ తన పేరు మీద కొనిపెడతానంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ప్లేనో, టెక్సాస్

జవాబు: తమ్ముడూ, రైఫిల్ సంగతి తర్వాత. ముందు మీ కజిన్ సంగతి చూద్దాం.

ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా నేరం. అందులో కొన్ని మినహాయింపులున్నాయి. మనలాంటి వాళ్లకు పనికొచ్చేది ఒక్కటే: ఇక్కడి ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు మీ దగ్గర ఉండాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు. ఇక కజిన్ విషయానికొస్తే, డబ్బు మీది, పేరు ఆయనది అయితే అది దొంగ కొనుగోలు. షాపులో నింపే 4473 ఫారంలో ‘అసలు కొంటున్నది నేనే’ అని సంతకం పెట్టాలి, ఆ అబద్ధానికి ఆయన జైలుకు పోవచ్చు. అయినా ఆలోచించండి. మీకు లైసెన్సు ఉంటే ఆయన సాయం అక్కర్లేదు. లేకపోతే ఆయన కొన్నా మీరు దాన్ని ముట్టుకోకూడదు. రాంచ్ పెద్దాయన ‘నా రైఫిల్ వాడుకో బాబూ’ అన్నా ఇదే లెక్క.

టెక్సాస్ నివాసికి వేట లైసెన్సు 25 డాలర్లు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ పూర్తి చేయాలి. 17 ఏళ్లు నిండినవాళ్లు ఆన్‌లైన్‌లోనే చేసేయొచ్చు, శని ఆదివారాల్లో అయిపోతుంది. దాన్ని తూతూమంత్రంగా క్లిక్ చేసుకుంటూ పోకండి. ముళ్లకంచె దాటేటప్పుడు రైఫిల్ ఎవరి చేతిలో ఉండాలో, ఎటు తిరిగి ఉండాలో వాళ్లు చెప్పినంత శ్రద్ధగా మీకు ఇంకెవరూ చెప్పరు.

మనవాళ్లు తరచూ మరిచిపోయే సంగతి ఒకటుంది. టెక్సాస్ లైసెన్సు గడువు ఆగస్టు 31తో తీరిపోతుంది. వేట మానేశాం కదా అని రెన్యూ చేయకపోతే, సెప్టెంబరు 1 నుంచి మీ అల్మారాలో ఉన్న రైఫిలే మీ మీద కేసు. ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో అడవి పందుల్ని కాల్చడానికి టెక్సాస్ లైసెన్సు అడగదు. అది రాష్ట్రం మాట. వీసా మీద ఉన్న మీకు ఫెడరల్ చట్టం మాట వేరు కాబట్టి, పందుల కోసం వెళ్లినా లైసెన్సు జేబులో ఉండాల్సిందే.

షాపుకి వెళ్లేటప్పుడు ఆ లైసెన్సు, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు ఉండే రికార్డు) నంబరు, ఇప్పటి అడ్రసు ఉన్న డ్రైవింగ్ లైసెన్సు తీసుకెళ్లండి. అడ్రసు పాతదైతే కొత్త అడ్రసున్న ఇంకో ప్రభుత్వ పత్రం, అంటే కారు రిజిస్ట్రేషన్ లాంటిది, అడుగుతారు. పౌరులు కానివాళ్లకు ఇమిగ్రేషన్ రికార్డులు కూడా చూస్తారు కాబట్టి తనిఖీ ఆలస్యం కావచ్చు. సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. దానికి రెండు రోజుల ముందు షాపులో నిలబడితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఇప్పుడు రైఫిల్. మీకు దొరికిన సేల్స్‌మన్ పట్టుచీరల షాపు గుమాస్తా లాంటివాడు, ఒక్కో చీరా విప్పుతూ ధర పెంచుకుంటూ పోతాడు. లానో వైపు వేటంటే చాలావరకు మంచె లాంటి గదిలో కూర్చుని, మేత పడే చోటికి వచ్చిన జింకను వంద గజాల దూరంలో కాల్చడమే. జింకకు గుండె, ఊపిరితిత్తులున్న చోటు సుమారు 8 అంగుళాల వెడల్పు. ఈ రోజుల్లో 400 డాలర్ల బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతిసారీ పిడి లాగి తూటా ఎక్కించేది) వంద గజాల్లో మూడు తూటాలను రెండు అంగుళాల లోపు పెడుతుంది. మిగతా 1100 డాలర్లు పోసి కొనేది నునుపైన చెక్క, మెరిసే ఇనుము, పక్కవాడి మెప్పు. జింకకు వాటితో పనిలేదు.

ఈ ధరలో నేను చూడమనేవి మూడు. సావేజ్ యాక్సిస్ అన్నిటికంటే చవక. సెకండ్‌హ్యాండ్‌లో దొరికే మొదటి యాక్సిస్‌కు ట్రిగ్గర్ మరీ గట్టి, నొక్కేసరికి గురి కదిలిపోతుంది. అందుకని ఆక్యుట్రిగ్గర్ (బిగువు సరిచేసుకోగల ట్రిగ్గర్) ఉన్న యాక్సిస్ 2 తీసుకోండి. ప్లాస్టిక్ స్టాక్ (భుజానికి ఆనించే భాగం) పిండితే వంగుతుంది, చూడ్డానికి అంతంత మాత్రం, కానీ గురి తప్పదు. రూగర్ అమెరికన్‌కు ఇంకాస్త పెట్టాలి. బోల్ట్ పిడి తక్కువ కోణంలోనే లేస్తుంది, ట్రిగ్గర్ బిగువు మనమే సరిచేసుకోవచ్చు. కొత్త జెన్ 2 కోసం పట్టుబట్టకండి, మొదటి తరంది తగ్గింపులో ఉంటే అదే పట్టుకోండి. మోస్‌బర్గ్ పేట్రియాట్ ఈ రెంటి మధ్యలో, చెక్క స్టాక్ ఇష్టపడేవాళ్లకు. డబ్బు సరిపోతే నా ఓటు రూగర్‌కి, లేకపోతే యాక్సిస్ 2కి.

సెకండ్‌హ్యాండ్ కొంటానంటే జనవరి వరకు ఆగాలి, సీజన్ అయ్యాక అమ్మేవాళ్లు వస్తారు. బోల్ట్ తీయించి బ్యారెల్‌లోంచి వెలుతురు కేసి చూడండి. మూతి దగ్గర గీతలు, స్క్రూల గాట్లు అరిగిపోవడం, స్టాక్ అంచు కింద తుప్పు కనిపిస్తే వదిలేయండి. పాత రెమింగ్టన్ 700 మంచిదే, కానీ 2006 మే నుంచి 2014 ఏప్రిల్ దాకా తయారైన ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్లను ఆ కంపెనీయే వెనక్కి పిలిచింది. సీరియల్ నంబరు చూడకుండా బేరమాడొద్దు.

తూటా విషయంలో చర్చలు తెల్లారేదాకా సాగుతాయి, నేను రెండు ముక్కల్లో తేలుస్తాను. .243 వించెస్టర్ లేదా .308 వించెస్టర్. 6.5 క్రీడ్‌మూర్ కూడా బాగుంటుంది. టెక్సాస్‌లో చిన్న ఊరి హార్డ్‌వేర్ షాపులో కూడా దొరికేదే మీకు కావాలి. ఎవరో చవగ్గా ఇస్తున్నారని పేరు వినని క్యాలిబర్ (తూటా కొలత) కొంటే, రైఫిల్‌లో మిగిల్చింది తూటాల్లో పోతుంది.

లెక్క వేద్దాం. ధరలు నెలనెలా మారతాయి కాబట్టి సుమారుగానే చెప్తున్నా. రైఫిల్ 400, స్కోప్ (గురి చూసే దుర్బిణి) 130, ఒక్కోదాంట్లో 20 ఉండే తూటాల డబ్బాలు రెండు 70, చెవులకు మఫ్స్ 20, లైసెన్సు 25. 645 అయింది. లైసెన్సు తప్ప మిగతా వాటి మీద సేల్స్ ట్యాక్సు 50 దాకా. 695. మీ ఇంటావిడ శాంక్షన్ చేసిన దాంట్లో అయిదు డాలర్లు మిగిలాయి. స్కోప్ బిగించి అమ్మే సెట్టు దొరికితే ఇంకో డబ్బా తూటాలు వస్తాయి. ఆ సెట్లో స్కోప్ గొప్పగా ఉండదు, వంద గజాలకు చాలు. విడిగా కొంటే 3-9x40 (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 40 మి.మీ.) చాలు. పెద్ద నంబర్ల మోజు వద్దు.

డబ్బులు పెట్టిన రైఫిల్ సరిగా కాల్చడం లేదని నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం స్కోప్ రింగుల స్క్రూలు వదులైన కేసులే. షాపులో ఊరికే బిగించిస్తారు, దాన్ని నమ్మకండి. స్క్రూ ఎంత బిగించాలో చూపే చిన్న రెంచ్ ఎవరినైనా అడిగి తెచ్చుకుని మీరే చూసుకోండి. రేంజ్‌లో ముందు 25 గజాల్లో కాగితం మీద పడేలా చేసి, తర్వాత 100 గజాల్లో గురి కుదర్చండి. మొదటి డబ్బా అక్కడ అయిపోవాలి. బ్యారెల్ వేడెక్కితే చల్లారనివ్వండి. రెండో డబ్బాలో సగం బెంచీ వదిలేసి, మోకాలి మీద, కంచె స్తంభానికి ఆనుకుని కాల్చండి. మిగిలింది రాంచ్‌కి.

ఇంట్లో చిన్నపిల్లలున్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే, పిల్లలకు అందేలా తూటాలు నింపిన తుపాకీ పెట్టడం టెక్సాస్‌లో నేరం. చాలా కంపెనీలు పెట్టెలోనే కేబుల్ తాళం ఇస్తాయి. తాళం రైఫిల్‌కు వేసి, తూటాలు వేరే గదిలో పెట్టండి.

ప్రశ్న: అన్నయ్యా, మావారితో రేంజ్‌కి వెళ్లి ఆయన .30-06 రైఫిల్ కాల్చాను. భుజం కమిలిపోయింది, స్కోప్ తగిలి కనుబొమ్మ చిట్లింది. ‘ఆడవాళ్లకు కుదరదులే’ అన్నారు. నాకూ వేటకు వెళ్లాలనుంది. తక్కువ ధరలో నాకు సరిపోయేది ఉందా?
– ఒక సోదరి, రౌండ్ రాక్, టెక్సాస్

జవాబు: చెల్లెమ్మా, బావగారికి నా మాటగా చెప్పు, తప్పు రైఫిల్‌ది. తేలికపాటి రైఫిల్‌లో .30-06 అంటే ఎవరి భుజాన్నైనా తంతుంది. పైగా ఆయన చేతికి సరిపోయిన స్టాక్ నీకు పొడవు. మెడ చాచి చూశావు కాబట్టే స్కోప్ మొహాన తగిలింది.

.243లో పొట్టి స్టాక్ ఉన్నది చూడు. యాక్సిస్, రూగర్ అమెరికన్ రెండింటిలోనూ కాంపాక్ట్ మోడళ్లున్నాయి. మోస్‌బర్గ్ వాళ్ల సూపర్ బాంటమ్‌లో ముక్కలు కలిపీ తీసీ స్టాక్ పొడవు మార్చుకోవచ్చు, రేపు మీ పిల్లలకూ పనికొస్తుంది. తూటాలు కొనేటప్పుడు డబ్బా మీద 95 లేదా 100 గ్రెయిన్లు (గుండు బరువు కొలత) అని ఉండాలి. అదే .243లో 55, 58 గ్రెయిన్లవి కయోటీల లాంటి చిన్న జంతువుల కోసం. జింకకు వాడితే పైపైన పగిలిపోయి అది గాయంతో పారిపోతుంది. అభ్యాసానికి .22 ఒకటి ఎవరినైనా అడుగు, శబ్దానికి ఉలిక్కిపడే అలవాటు దాంతో పోతుంది. .22తో జింకను కాల్చడం మాత్రం టెక్సాస్‌లో చట్టం ఒప్పుకోదు.

ప్రశ్న: ఒహాయోలో సేల్‌లో .243 కొన్నాను. జింకల వేటకు పనికిరాదని పక్కింటాయన అంటున్నారు. నిజమా?
– ఒక పాఠకుడు, కొలంబస్

జవాబు: నిజం. ఒహాయోలో జింకల మీదికి రైఫిల్ తీసుకెళ్లాలంటే తూటా గొట్టం తిన్నగా ఉండే రకమే వాడాలి, క్యాలిబర్ .357 నుంచి .50 మధ్యలో ఉండాలి. .243 మెడ దగ్గర సన్నబడుతుంది కాబట్టి కుదరదు. మీరు కొనాల్సింది .350 లెజెండ్, 2019లో సరిగ్గా ఇలాంటి రాష్ట్రాల కోసమే వచ్చింది, తన్నడం కూడా తక్కువ. యాక్సిస్, రూగర్ రెండూ అందులో దొరుకుతాయి. ఉన్నదాన్ని లైసెన్సున్న షాపు ద్వారా అమ్మేయండి.

ప్రశ్న: మాది నల్లమల పక్క ఊరు. ఇక్కడ మన చుక్కల దుప్పిని కాలుస్తారట కదా, .308 సరిపోతుందా?
– ఒక పాఠకుడు, ఆస్టిన్

జవాబు: దివ్యంగా సరిపోతుంది. మనదేశపు చుక్కల దుప్పిని 1932లో టెక్సాస్‌కు తెచ్చారు. కంచెలు దాటి హిల్ కంట్రీ (నడి టెక్సాస్ కొండప్రాంతం) అంతా పాకింది. ఇక్కడి చట్టంలో అది పరదేశీ జంతువు కాబట్టి సీజన్ లేదు, ఇన్నే కాల్చాలన్న లెక్కా లేదు. లైసెన్సూ, భూమి యజమాని అనుమతీ మాత్రం తప్పవు. నల్లమలలో అదే దుప్పి మీద చెయ్యివేస్తే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు. మాంసం వైట్‌టెయిల్ (ఇక్కడి మామూలు జింక) కంటే రుచి, నీచు తక్కువ. మా ఇంట్లో గోంగూరలో వేస్తాం. నీల్గాయి జోలికి మాత్రం .308తో వెళ్లొద్దు, అది దుప్పి కంటే చాలా బరువుంటుంది.

ప్రశ్న: రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాక్‌ప్యాక్‌తోనే సంక్రాంతికి గుంటూరు వెళ్దామనుకుంటున్నా. ఖాళీ చేస్తే చాలు కదా?
– ఒక పాఠకుడు, కేటీ, టెక్సాస్

జవాబు: వద్దు బాబూ, కొత్త బ్యాగు కొనుక్కో. అడుగు కుట్టులో ఇరుక్కున్న ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కు దొరికితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, పండగ పోలీస్ స్టేషన్‌లో అవుతుంది. గుర్తుగా దాచుకున్న ఖాళీ గొట్టాలు కూడా ఇక్కడే వదిలెయ్.